షుగర్‌కి వంటింటి దినుసులు: మీటరు పెట్టి చూసుకున్న నా అనుభవం

మొదటి రిపోర్టులో నా హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే రక్తపరీక్ష, 8.1 వచ్చింది. పరగడుపు షుగర్ 160 దాటింది. రెండో రకం మధుమేహం అని డాక్టరు తేల్చి, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర రాసి, తిండిలో ఏమేం మార్చుకోవాలో చెప్పి, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. విషయం తెలిసినవాళ్లలో దాదాపు అందరూ నాకు ఏదో ఒక దినుసు పేరు చెప్పారు. ఒకరు మెంతులన్నారు, ఒకరు దాల్చినచెక్క అన్నారు, ఇంకొకరు పసుపులో మిరియాల పొడి కలుపుకోమన్నారు, మరొకరు నల్ల జీలకర్ర తప్ప ఇంకేదీ పనికిరాదన్నారు. తమకు తెలిసిన ఫలానావాళ్లకి దానితోనే షుగర్ దిగిందని ఎవరికి వారు గట్టిగా చెప్పారు. వాళ్ల ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ అందరి మాటా ఒకేసారి వింటే, రేపు షుగర్ తగ్గినా పెరిగినా అది దేనివల్లో తెలుసుకునే దారే ఉండదు.

అందుకే డాక్టర్నే అడిగాను. "వంటింట్లో దినుసులు షుగర్‌కి పనిచేస్తాయంటున్నారు, వాడి చూడొచ్చాండీ?" అని. ఆయన కొట్టిపారేయలేదు. "వాడండి. కానీ మాత్ర మానకూడదు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకూడదు. ఏది వాడుతున్నారో, ఎంత వాడుతున్నారో వచ్చినప్పుడల్లా నాకు చెప్పాలి" అన్నారు. నేను వాడే మిగతా మందుల చీటీ కూడా అడిగి చూశారు. రక్తం పల్చబడే మందులేమైనా ఉన్నాయా అని ప్రత్యేకంగా వెతికారు. ఎందుకో తర్వాత చదివితే తెలిసింది. మెంతులు, వెల్లుల్లి, పసుపు లాంటివి పెద్ద మోతాదులో తీసుకుంటే, వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లకి రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరగొచ్చు. కూరలో వేసుకునేంతతో ఆ భయం ఉండదు. చెంచాలకు చెంచాలు మింగడం మొదలుపెడితే మాత్రం అది వంట పరిధి దాటి మందు పరిధిలోకి వచ్చినట్టే. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడమే ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది.

దినుసుల కన్నా ముందు, ఇంట్లో వేలు గుచ్చి షుగర్ చూసుకునే మీటరు గురించి చెప్పాలి, ఎందుకంటే అది లేకపోతే నేను ఇక్కడ రాసేది ఏదీ నాకు తెలిసేది కాదు.

పరగడుపు షుగరూ, తిన్నాక వచ్చే షుగరూ రెండు వేర్వేరు విషయాలు చెబుతాయి. రాత్రంతా మనం ఏమీ తినకపోయినా కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. ఇన్సులిన్ మాట శరీరం సరిగ్గా వినకపోతే ఆ వదలడం అదుపు తప్పుతుంది, పొద్దున పరగడుపు అంకె పెరుగుతుంది. తిన్న రెండు గంటలకు చూసే అంకె మాత్రం ముఖ్యంగా ఆ పూట తిన్నదాని మీద, అది ఎంత వేగంగా ఒంట్లోకి చేరిందన్న దాని మీద ఆధారపడుతుంది. హెచ్‌బీఏ1సీ ఈ రెండింటినీ కలిపి, సుమారు రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది. ఎర్ర రక్తకణాల ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి, వాటికి అంటుకున్న గ్లూకోజ్‌ని బట్టి ఆ లెక్క వస్తుంది. అంటే ఈ రోజు ఒక దినుసు మొదలుపెట్టి వచ్చే వారం హెచ్‌బీఏ1సీ చేయించుకుంటే ఏమీ తెలియదు.

ఇంకో సంగతి. ఇంట్లో వాడే మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణమే కొంత తేడాను ఒప్పుకుంటుంది. 100 పైన ఉన్న రీడింగుల్లో ఎక్కువ భాగం ల్యాబ్ విలువకు అటూ ఇటూ 15 శాతం లోపు ఉంటే చాలు. 180 అని చూపిస్తే అసలు విలువ 160 కావచ్చు, 200 కూడా కావచ్చు. ఒక రోజు 182, మర్నాడు 171 వస్తే "ఫలానా పొడి పని చేసింది" అని సంబరపడటానికి లేదు. తేడా మళ్లీ మళ్లీ ఒకే వైపు కనిపించాలి. వేలికి తీపి అంటుకుని ఉన్నా అంకె పైకి పోతుంది కాబట్టి చేతులు కడిగి తుడుచుకుని గుచ్చుకోవడం తప్పనిసరి చేసుకున్నాను.

నేను ఎంచుకున్న పద్ధతి ఇది. పొద్దున ఒకే రకం టిఫిన్, అదీ తూకం వేసి ఒకే పరిమాణంలో. ఒక రోజు దినుసుతో, ఇంకో రోజు అది లేకుండా. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన సమయం నుంచి లెక్కపెట్టి రెండు గంటలకు ఇంకోసారి చూడటం. ఆ రెండు గంటల్లో నడకకి వెళ్లకపోవడం, ఎందుకంటే తిన్నాక నడిస్తే షుగర్ తగ్గుతుంది, ఆ ఘనత దినుసు ఖాతాలో పడుతుంది. నిద్ర సరిగా లేని రోజు, జలుబు చేసిన రోజు, ఆఫీసులో టెన్షన్ పడిన రోజు లెక్కలోకి తీసుకోలేదు. ఇదంతా కొంచెం విసుగు పుట్టించే పనే. కానీ ఒకసారి అలవాటయ్యాక, నా ఒంటి గురించి ఇంకొకరు చెప్పే కబుర్ల మీద ఆధారపడాల్సిన అవసరం తప్పింది.

మొదట మెంతులు పట్టుకున్నాను. అయితే మెట్‌ఫార్మిన్‌తో పాటే మొదలుపెట్టలేదు. మెట్‌ఫార్మిన్ కొత్తలో కడుపు ఉబ్బరం, విరేచనాలు తెస్తుంది. మెంతులూ అవే తేగలవు. రెండూ ఒకేసారి మొదలైతే కడుపు పాడైంది దేనివల్లో తెలియక, చివరికి మాత్రనే మానేసే ప్రమాదం ఉంది. మాత్రకు కడుపు సర్దుకునేదాకా కొన్ని వారాలు ఆగాను.

మెంతుల్లో అసలు సరుకు దాని పీచు. గింజలు రాత్రి నానబెడితే పొద్దునకి ఉబ్బి, చుట్టూ జిగురు పడుతుంది కదా, ఆ జిగురే గెలాక్టోమానన్ అనే కరిగే పీచు. అది పొట్టలో చిక్కబడి, తిన్నది కిందికి దిగే వేగాన్ని తగ్గిస్తుంది. పిండిపదార్థం గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి చేరడం నిదానిస్తుంది. దీనితో పాటు 4-హైడ్రాక్సీఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కూడా మెంతుల్లో ఉంది. అది ఇన్సులిన్ విడుదలకు తోడ్పడుతుందని ప్రయోగశాల పరిశోధనల్లో కనిపించింది. కానీ ఇంట్లో తినే మోతాదులో మనకి చేతికందేది ముఖ్యంగా పీచు వల్ల కలిగే మేలే అని నా అభిప్రాయం. ఆ లెక్కన, రాత్రంతా నానబెట్టి నీళ్లు మాత్రం తాగి గింజలు పారేయడం నాకు అర్థం లేని పనిగా తోచింది. పీచులో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. నేను గింజలు కూడా నమిలి తిన్నాను.

పరిశోధనల్లో ఎంతెంత వాడారో చూస్తే ఇంటి మోతాదు ఎంత చిన్నదో తెలుస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1990లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మొదటి రకం మధుమేహం ఉన్నవాళ్లకి కొవ్వు తీసిన మెంతిపిండి రోజుకి 100 గ్రాములు, రెండు భోజనాల్లో కలిపి పెట్టారు. పరగడుపు షుగర్ తగ్గింది, మూత్రంలో పోయే గ్లూకోజ్ సగానికి పైగా పడిపోయింది. వంద గ్రాములు మామూలు మనిషి రోజూ తినగలిగేది కాదు. 2015లో వచ్చిన ఇంకో అధ్యయనం నాకు దగ్గరగా అనిపించింది. షుగర్ అంచున ఉన్నవాళ్లకి రోజూ రెండుసార్లు, భోజనానికి ముందు 5 గ్రాముల చొప్పున మెంతిపొడి ఇచ్చి మూడేళ్లు గమనించారు. మెంతులు తీసుకోని గుంపులో షుగర్ వ్యాధి వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఎక్కువ కనిపించింది. అందులో పాల్గొన్నది 140 మంది మాత్రమే, కాబట్టి దాన్నే వేదంగా పట్టుకోవడానికి లేదు. అయినా 5 గ్రాములంటే ఒక చెంచా నిండుగా, కొంచెం గోపురంగా తీసుకుంటే సరిపోయే మోతాదు. అది చేయగలను అనిపించింది.

సగం చెంచాతో మొదలుపెట్టి నెమ్మదిగా చెంచాకి పెంచాను. మెంతుల జిగురు మిగతా మందులు ఒంటికి పట్టకుండా అడ్డుపడొచ్చని డాక్టరు చెప్పడంతో, ఆయనతో మాట్లాడాకే మాత్రల వేళలు మార్చుకున్నాను. మెంతులు పొద్దున టిఫిన్‌కి అరగంట ముందు, మాత్రలు మధ్యాహ్నం, రాత్రి భోజనాలతో. దీనివల్ల నా పొద్దుటి పరీక్షలో మాత్ర ప్రభావం రోజూ ఒకేలా ఉండటం కూడా కలిసొచ్చింది.

చేదు గురించి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నానిన గింజ చేదు తక్కువ. ఇంకో రోజు మొలక వచ్చేదాకా ఉంచితే ఇంకా తగ్గుతుంది. పొడి చేసుకునేవాళ్లు సన్నని సెగ మీద రంగు మారీ మారకముందే దించాలి. మాడితే ఆ చేదుని ఎవరూ భరించలేరు. పొడిని పెరుగులో కలుపుకోవచ్చు. పొడి నోట్లో పోసుకుని నీళ్లు తక్కువ తాగితే గొంతులో ఉబ్బి పట్టేస్తుంది, అలా ఎవరూ చేయకండి. ఒంటి చెమటకీ, మూత్రానికీ ఒక తియ్యని వాసన వస్తుంది. మెంతుల్లోని సోటోలోన్ అనే పదార్థం వల్ల వచ్చే వాసన అది, ప్రమాదం లేదు. తెలియకపోతే మాత్రం షుగర్ మూత్రంలో పోతోందేమోనని హడలిపోతారు.

ఫలితం ఇలా వచ్చింది. మెంతులు లేని రోజుల్లో టిఫిన్ తిన్న రెండు గంటలకు నా రీడింగులు 190 ప్రాంతంలో ఉండేవి. మెంతులు తిన్న రోజుల్లో ఎక్కువసార్లు 170కి అటూ ఇటూ వచ్చాయి. ఒక్కో రీడింగుని విడిగా చూస్తే మీటరు తేడా అని కొట్టేయొచ్చు, కానీ రెండు వరసల్నీ పక్కపక్కన రాసి చూస్తే తేడా దాదాపు ఎప్పుడూ ఒకే వైపు ఉంది. నేను దాన్ని నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. పరగడుపు అంకెలో మాత్రం నాకు చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పీచు చేసే పనేమిటో తెలిశాక అది సహజమే అనిపించింది. పొద్దున తిన్న చెంచా మెంతులు ఆ రాత్రి కాలేయం వదిలే గ్లూకోజ్‌ని ఆపుతాయని ఆశించడానికి లేదు.

తర్వాత దాల్చినచెక్క. దీని మీద నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నాను, ఎందుకంటే దీనికి వచ్చినంత ప్రచారం ఇంకే దినుసుకూ రాలేదు. ఆ ప్రచారానికి మూలం 2003లో డయాబెటిస్ కేర్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం. పాకిస్తాన్‌లో 60 మంది రెండో రకం షుగర్ ఉన్నవాళ్ల మీద చేశారు. రోజుకి 1, 3, 6 గ్రాముల దాల్చినచెక్క 40 రోజులు ఇస్తే పరగడుపు షుగర్ 18 నుంచి 29 శాతం దాకా తగ్గిందని రాశారు. ఆ అంకె చూసి ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ తర్వాత చాలామంది అదే ప్రయత్నం చేస్తే అన్నిచోట్లా అలా రాలేదు. 2012లో, వైద్య ప్రయోగాల ఫలితాలు కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన 10 ప్రయోగాలు, 577 మంది వివరాలు కలిపి చూసి, షుగర్‌కి దాల్చినచెక్కని సిఫారసు చేయడానికి సరిపడా ఆధారం లేదని చెప్పింది. 2013లో వచ్చిన ఇంకో విశ్లేషణలో పరగడుపు షుగర్ తగ్గినట్టు కనిపించింది గానీ, హెచ్‌బీఏ1సీలో నమ్మదగిన తేడా కనిపించలేదు.

ఆధారాలు అటూ ఇటూగా ఉంటే "వాడి చూస్తే పోయేదేముంది" అనుకుంటాం. దాల్చినచెక్క విషయంలో పోయేది ఉంది, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను. బజారులో దాల్చినచెక్క పేరుతో దొరికేది చాలావరకు కాసియా అనే రకం. బెరడు మందంగా, గట్టిగా, ఒకే పొరగా చుట్టుకుని ఉంటుంది. ఘాటు ఎక్కువ. సిలోన్ రకం బెరడు కాగితంలా పల్చగా, పొరలు పొరలుగా లోపలికి చుట్టుకుని, చేత్తో నలిపితే పొడైపోయేలా ఉంటుంది. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం బాగా ఉంటుంది, సిలోన్‌లో నామమాత్రం. కౌమరిన్ ఎక్కువైతే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజుకి శరీర బరువులో కిలోకి 0.1 మిల్లీగ్రాము దాటొద్దని హద్దు పెట్టింది. ఆ లెక్కన 60 కిలోల మనిషి రోజూ వాడేటట్టయితే కాసియా 2 గ్రాములు మించకూడదని జర్మనీకి చెందిన ఆహార ప్రమాదాల అంచనా సంస్థ చెబుతోంది. దాల్చినచెక్క పొడి ఒక చెంచా నింపితే రెండున్నర గ్రాముల దాకా తూగుతుంది. అంటే రోజుకో చెంచా అని తేలిగ్గా చెప్పే సలహా అప్పుడే హద్దు దాటిపోయింది. పొడిగా కొంటే ఏ రకమో కంటికి తెలియదు. నేను సిలోన్ చెక్క వెతికి కొని, ఇంట్లోనే దంచుకుని, ఒక గ్రాముతో పరీక్ష చేశాను.

నా మీటరులో ఏమీ తేలలేదు. కొన్నిసార్లు తక్కువ, కొన్నిసార్లు ఎక్కువ, ఒక దిక్కంటూ లేదు. ఇంకా పెద్ద మోతాదు వేస్తే ఏమైనా కనిపించేదేమో గానీ, కాలేయాన్ని పణంగా పెట్టి తెలుసుకోవాల్సినంత విషయం అది కాదనిపించి ఆపేశాను. మందుగా మానేశాను గానీ వంటింట్లోంచి పంపించలేదు. దానికి వేరే పని దొరికింది, అది కింద చెబుతాను.

పసుపు సంగతి త్వరగా చెప్పేస్తాను. పసుపులో గుణమంతా కర్కుమిన్‌ది అంటారు. మామూలు పసుపు పొడి బరువులో అది సుమారు 3 శాతమే. పైగా ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపెరిన్‌తో కలిపితే బాగా పడుతుందన్నది నిజమే. 1998లో బెంగళూరులో చేసిన ప్రయోగంలో 2 గ్రాముల కర్కుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపెరిన్ కలిపితే రక్తంలో దాని లభ్యత 20 రెట్లు పెరిగింది. కానీ 2 గ్రాముల కర్కుమిన్ కావాలంటే పసుపు 60 గ్రాములకు పైగా తినాలి. అందుకే జనం మాత్రల వైపు వెళతారు. అలా గాఢంగా చేసి, ఒంటికి బాగా పట్టేలా తయారు చేసిన పసుపు మాత్రలు వాడినవాళ్లలో కొందరికి కాలేయం వాచిన కేసులు ఇటలీలోనూ, అమెరికాలోనూ నమోదయ్యాయి. పసుపులో ఆక్సలేట్ కూడా ఎక్కువ, కిడ్నీలో రాళ్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లు పెద్ద మోతాదు జోలికి పోకపోవడమే మేలు. నేను కూరలో వేసేంత పసుపే వేసుకుంటున్నాను. దానివల్ల షుగర్ తగ్గిందని చెప్పను.

నల్ల జీలకర్ర మీద రోజుకి 2 గ్రాములతో మంచి ఫలితాలు చూపించిన అధ్యయనం ఒకటుంది, నేను మాత్రం దాన్ని పరీక్షించేంత ఓపిక తెచ్చుకోలేదు. అల్లం, లవంగం, వాము, ధనియాలు, జీలకర్ర విషయంలో నాకు దొరికిన ఆధారాలు ఇంకా పల్చగా ఉన్నాయి.

మెంతుల తర్వాత దినుసుల వల్ల నాకు కలిగిన అసలు మేలు ఈ పరీక్షల్లో దేనిలోనూ కనిపించేది కాదు. షుగర్ వచ్చినవాళ్లు తిండి మార్చుకోలేకపోవడానికి పెద్ద కారణం రుచి. పళ్లెంలో సగం పిండి లేని కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో మాంసమో, మిగిలిన పావు వంతు మాత్రమే పిండిపదార్థం అని డైటీషియన్ చెబుతారు. వినడానికి సులువుగానే ఉంటుంది. చప్పటి కూరగాయలు అంతంత రోజూ తినడం ఎవరి వల్లా కాదు. మొదటి వారమంతా తిని, రెండో వారం పాత పళ్లేనికే వెళ్లిపోతారు. ఉప్పూ, తీపీ, నూనే పెంచి రుచి తెచ్చుకుందామంటే, షుగర్‌తో పాటు బీపీనీ గుండెనీ కూడా కాచుకోవాలి. పిండిపదార్థం, ఉప్పు, చక్కెర పెంచకుండా కూరకి రుచి తెచ్చేవి దినుసులే.

అక్కడ నేను శ్రద్ధ పెట్టాను. దినుసుల్లో వాసన ఇచ్చే నూనెలు కొవ్వులో కరుగుతాయి కాబట్టి, ఒక చెంచా నూనె వేడెక్కాక జీలకర్ర, ఆవాలు చిటపటలాడించి కూరగాయల మీద వేస్తే, ఎక్కువ నూనెలో వేయించిన కూర కన్నా రుచిగా కుదిరింది. ధనియాలు, మిరియాలు అప్పటికప్పుడు వేయించి దంచితే ఉప్పు తగ్గినా తెలియలేదు. మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, అల్లం వేసుకోవడంతో తియ్యటి కూల్‌డ్రింకుల మీదికి మనసు పోవడం తగ్గింది. చక్కెర లేని టీ నాకు మొదట్లో మింగుడు పడేది కాదు. యాలకులు, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి మరిగిస్తే నాలుకకి తీపి లేని లోటు చాలావరకు తీరింది. దాల్చినచెక్కకు దొరికిన పని ఇదే. మీటరులో ఏమీ చూపించని దినుసు, రోజూ నేను టీలో వేసుకునే చక్కెరని మాన్పించింది. ఆ చక్కెర మానడం మాత్రం మీటరులో కనిపించింది.

ప్యాకెట్ మసాలాలు కొనేవాళ్లు వెనకాల రాసింది చదవాలి. కొన్నిటిలో ఉప్పే మొదట ఉంటుంది. చక్కెర, పిండి కలిపినవీ ఉంటాయి. కల్తీ ఇంకో భయం. పసుపుకి రంగు రావడానికి లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని బంగ్లాదేశ్‌లో చేసిన పరిశోధన 2019లో బయటపెట్టింది. 2023లో అమెరికాలో పిల్లలు తినే యాపిల్ గుజ్జు ప్యాకెట్లలో సీసం బయటపడితే, అది వాటిలో వేసిన దాల్చినచెక్క పొడి నుంచి వచ్చిందని తేలింది. అప్పుడప్పుడూ వేసుకునేదైతే ఒక ఎత్తు, ఆరోగ్యం కోసమని రోజూ చెంచా చొప్పున తింటే ఆ సీసం కూడా రోజూ ఒంట్లో చేరుతుంది. అందుకే గింజలు, కొమ్ములు, చెక్కలు పొడి కాకుండా కొని ఇంట్లో పట్టించుకుంటున్నాను.

షుగర్‌కి అని డబ్బాల్లో అమ్మే చూర్ణాలు నేను ముట్టుకోలేదు. మూలికలు మాత్రమే అని చెప్పి అమ్మిన కొన్నిటిలో మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి ఇంగ్లిష్ మందులే చెప్పకుండా కలిపారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షల్లో బయటపడింది. షుగర్ తగ్గుతుంది, నిజమే. ఎంత మందు పడుతోందో వేసుకునేవాళ్లకీ తెలియదు, వాళ్ల డాక్టరుకీ తెలియదు.

"మాత్రలన్నీ రసాయనాలు, దినుసులు ప్రకృతి" అని నాతో చాలామంది వాదించారు. వాళ్లకి నేను మెట్‌ఫార్మిన్ కథ చెబుతాను. అది కూడా మొక్క దగ్గరే మొదలైంది. గెలీగా అఫిసినాలిస్ అనే మొక్కని ఐరోపాలో పాతకాలం నుంచి వైద్యంలో వాడేవాళ్లు. అందులో గెలెగిన్ అనే పదార్థం షుగర్ తగ్గిస్తుందని తర్వాత కనుక్కున్నారు, కానీ అది విషపూరితం. ఆ జాతి పదార్థాల్లోనే భద్రమైనదాన్ని వెతికి, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు మెట్‌ఫార్మిన్‌ని మనుషుల్లో వాడిన ఫలితాలు ప్రచురించారు. మొక్కలోని గుణాన్ని తూకం కట్టి, లోపాలు తీసి, దశాబ్దాల తరబడి పరీక్షించిన రూపమే నా మాత్ర. మెంతుల్ని గౌరవించేవాళ్లు దాన్ని అసహ్యించుకోవాల్సిన పనిలేదు.

మాత్ర రకాన్ని బట్టి జాగ్రత్త మారుతుందన్నది మా చుట్టాల్లో ఒకాయన విషయంలో చూశాను. ఆయన గ్లిమెపిరైడ్ వాడతారు. అది ఇన్సులిన్‌ని బలవంతంగా విడుదల చేయించే మందు. మాత్ర వేసుకుని, మెంతిపొడి ఎక్కువగా తిని, కడుపు నిండుగా ఉందని భోజనం వాయిదా వేశారు. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. మీటరులో 60 లోపు వచ్చింది. ఇంట్లోవాళ్లు వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూస్తే గానీ 70 దాటలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఇలా కావడం అరుదు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లు దినుసుల మోతాదు పెంచే ముందే డాక్టరుతో మాట్లాడాలి. గర్భిణులు మెంతుల్ని మందులా వాడకూడదు, గర్భాశయం మీద ప్రభావం ఉంటుంది. వేరుశనగలు, శనగలు పడనివాళ్లకి అదే కుటుంబానికి చెందిన మెంతులూ పడకపోవచ్చు.

మూడు నెలల తర్వాత నా హెచ్‌బీఏ1సీ 7కి వచ్చింది, ఆ తర్వాతి పరీక్షలో 6.6. డాక్టరుకి మెంతుల పుస్తకం, అంటే నా రీడింగుల నోట్‌బుక్ చూపించాను. ఆయన పేజీలన్నీ తిప్పి చూశారు. "ఇందులో మాత్ర వాటా పెద్దది. పిండిపదార్థం తగ్గించారు, నడుస్తున్నారు, బరువు తగ్గారు, వాటి వాటా కూడా పెద్దదే. మీ మెంతులు తిన్నాక వచ్చే షుగర్‌ని కొంత పట్టుకున్నాయి, అది ఈ పుస్తకంలో కనబడుతోంది. కంటిన్యూ చేయండి" అన్నారు. మాత్ర మోతాదు తగ్గించమని నేను అడగలేదు, ఆయనా తగ్గించలేదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గొచ్చని, ఏడాదికోసారి చూసుకుందామని రక్తపరీక్ష రాశారు.

ఇప్పుడు రోజూ పొద్దున ఒక చెంచా నానిన మెంతులు, ఆ తర్వాత టిఫిన్, తిన్నాక కాసేపు నడక. మీటరు అంత తరచుగా వాడటం లేదు. వంటలో ఏదైనా కొత్తది చేర్చినప్పుడో, అంకె ఎందుకో పెరిగిందనిపించినప్పుడో మళ్లీ పాత పద్ధతిలో, దానితో ఒక రోజు, అది లేకుండా ఒక రోజు చూస్తున్నాను. నల్ల జీలకర్రని కూడా డాక్టరుకి చెప్పి అలాగే చూడాలని ఉంది. ఈసారి వెళ్లినప్పుడు ఆయన్ని అడుగుతాను.